పాటిగడ్డకు చిరునామా: ఉత్తర తెలంగాణ ప్రాచీన చరిత్ర, డిజిటల్ పద్ధతులు

ప్రాచీన చరిత్రకు ఆధారమైన ప్రతి వస్తువూ రెండు సంగతులు చెబుతుంది: తానేమిటన్నది ఒకటి, తాను ఎక్కడ దొరికిందన్నది రెండోది. మొదటిది మ్యూజియం అద్దాల వెనుక కూడా నిలుస్తుంది గాని, రెండోది నేలతో ముడిపడినది కనుక ఆ ముడి తెగితే మళ్లీ వేయడం దుస్సాధ్యం. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల గతాన్ని కంప్యూటర్, ఉపగ్రహ సాధనాలతో పరిశీలించడంలోని ప్రయోజనం ప్రధానంగా ఈ రెండో సంగతిని భద్రపరచడంలోనే ఉంది.

పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉన్న కోటిలింగాల ఇందుకు మొదటి ఉదాహరణ. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ అక్కడ సేకరించిన నాణేలను శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిశీలించి, శాతవాహన వంశానికి ఆద్యుడైన ఛిముకుని పేరుతోపాటు గోబద, నారన, కంవాయ, సమగోప అనే అంతకు ముందరి పాలకుల పేర్లను కూడా గుర్తించారు. ఆ తరువాత రాష్ట్ర పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో అక్కడి పాటిగడ్డను, అంటే పాతకాలపు జనావాసం శిథిలమై మట్టిదిబ్బగా మిగిలిన చోటును, తవ్వించింది. నేలపైన ఏరిన నాణెం రాజు పేరు చెప్పగలదు గాని, ఏ పొరలో, ఏ కుండపెంకుల నడుమ పడి ఉండేదో చెప్పలేదు. దాని కాలాన్ని తేల్చేది ఆ పొరే.

చిరునామా చెదరడానికి తవ్వకం లోపమే కారణం కానక్కరలేదు. కోటిలింగాల, బౌద్ధ స్తూపం వెలుగుచూసిన ధూళికట్ట, శాతవాహన నాణేలు వేల సంఖ్యలో బయటపడిన పెద్దబంకూరు, ఈ మూడూ పాత నివేదికల్లో కరీంనగర్ జిల్లా స్థలాలే అయినా, 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనతో మొదటిది జగిత్యాలకు, తక్కిన రెండూ పెద్దపల్లికి చేరాయి. అక్షాంశ రేఖాంశాలు మాత్రం జిల్లాతో పాటు మారవు. మధ్యధరా ప్రాంత చరిత్రకారులు ప్లీయడీస్ అనే స్థలనామ సూచిలో ప్రతి ప్రాచీన స్థలానికీ ఒక శాశ్వత సంఖ్య కేటాయించి, పేరు ఎన్ని రూపాలు మారినా అన్నిటినీ దాని కిందికే చేర్చడంలోని తర్కం ఇదే.

ఉక్కు చరిత్రలో ఈ అవసరం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. హెన్రీ వాయిసీ రచించగా 1832లో అచ్చయిన వ్యాసం, నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో ఇనుమును మట్టి మూసల్లో పెట్టి కరిగించి ఉక్కు చేసే పద్ధతిని వర్ణించింది. కాని అందులోని ఊళ్ల పేర్లు ఇంగ్లీషు వర్ణక్రమంలో రూపం చెడి ఉండటంతో, వాటిని నేటి ఊళ్లతో సరిపోల్చడమే ఒక పరిశోధన అవుతుంది. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ జిల్లాల్లో పాత కొలుముల జాడలను సర్వే చేశాయి. ఇనుము తీయగా మిగిలిన వ్యర్థాన్ని పల్లెల్లో చిట్టెం అంటారు. ఇలాంటి చిట్టెం కుప్పలు, మూస ముక్కలు ఉన్న చోట్లను పటంపై ఒక పొరగా, ఖనిజమున్న గుట్టలను మరో పొరగా, బొగ్గుకు ఆధారమైన అడవులను, వాగులను వేరే పొరలుగా పరచి, ఒకదానిపై ఒకటి పెట్టి చూసే విధానమే భౌగోళిక సమాచార వ్యవస్థ. కొలిమి ఖనిజాన్ని వెతుక్కుంటూ వెళ్లిందా, బొగ్గునా అన్న ప్రశ్న అప్పుడు ఊహగా కాక లెక్కగా మారుతుంది.

నీట మునిగిన నేలకు మరో సాధనం ఉంది. 1960 నుంచి 1972 వరకు అమెరికా గూఢచర్యానికి వాడిన కొరోనా ఉపగ్రహాల చిత్రాలు 1995లో బహిరంగం కావడంతో, తరువాతి జలాశయాలు కప్పేసిన నేలల పూర్వరూపాన్ని అనేక దేశాల పురావస్తువేత్తలు వాటిలో చదువుకుంటున్నారు. ఎల్లంపల్లి జలాశయపు నీరు చేరిన కోటిలింగాల తీరానికి ఈ పద్ధతి తగినది.

శాసనాల విషయంలో పోయేది చోటు కాదు, అక్షరం. గంగాధర మండలం కురిక్యాల వద్ద బొమ్మలగుట్టపై పంపకవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో చెక్కించిన శాసనంలో సంస్కృత, కన్నడాలతోపాటు తెలుగు కంద పద్యాలున్నాయి. ఇటువంటి శిలను అనేక కోణాల్లో ఫొటోలు తీసి వాటి నుంచి త్రిమితీయ నమూనా కూర్చితే, వెలుగును తెరపై ఎటునుంచైనా ప్రసరింపజేసి, అరిగిన గీతను కూడా పరీక్షించవచ్చు. ఫ్రాన్స్‌కు చెందిన ప్రాచ్యవిద్యా సంస్థ ఆధ్వర్యంలో రూపొందుతున్న ప్రాచీన ఆంధ్రదేశ శాసన సంపుటి వంటి డిజిటల్ ప్రచురణల్లో, స్పష్టంగా కనిపించిన అక్షరం, సందేహాస్పదమైన అక్షరం, సంపాదకుడు పూరించిన అక్షరం వేర్వేరు గుర్తులతో నమోదవుతాయి కనుక, రాతిలో ఉన్నదెంత, పండితుని ఊహ ఎంత అన్నది పాఠకునికి తెలిసిపోతుంది.

అయితే ఈ సాధనాలేవీ తమంతట తాము స్థలాన్ని కనిపెట్టలేవు. ఉపగ్రహ చిత్రంలో చిట్టెం కుప్పా మామూలు రాళ్ల గుట్టా ఒకేలా కనిపించవచ్చు. రెంటినీ వేరుచేసేది చేతిలోకి తీసుకొని బరువు చూసినవాడూ, దున్నినప్పుడు నాగలికి తగిలింది చూసిన రైతూ. పాటిగడ్డ, చిట్టెం అనే మాటల్లోనే ఆ నేల స్వభావం నమోదై ఉంది. అక్షాంశ రేఖాంశాల పక్కన ఈ మాటలు కూడా చేరినప్పుడే ఆ చిరునామా పూర్తవుతుంది.