అండమాన్ తీరాన వెండి రూపాయి: ఛాయాచిత్రం చెప్పేది, చెప్పనిది

1858 మార్చి నెలలో డాక్టర్ జె.పి. వాకర్ ఆధ్వర్యంలో రెండు వందల మంది ఖైదీలు పోర్ట్ బ్లెయిర్ రేవులో దిగారు. ఈ నగరానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది. అడవి నరికి నిర్మించిన ఆ శిక్షా వలసకు ఇనుప సంకెళ్ళతోపాటు కలకత్తా టంకశాలలో ముద్రితమైన వెండి రూపాయి కూడా చేరింది. సత్ప్రవర్తన కలిగిన ఖైదీలకు కొంతకాలం తరువాత స్వయంపోషకులుగా జీవించే అవకాశం లభించేది. వారి సంపాదనకూ, కొనుగోళ్ళకూ కొలమానం రూపాయే. వలసలో చలామణి కోసం 1860ల దశకంలో ఒక రూపాయి విలువగల రాగి టోకెన్లు సైతం వెలువడ్డాయి. అందువల్ల ఈ దీవుల ద్రవ్య చరిత్ర నాణేల సేకర్తలకూ, చరిత్రకారులకూ సమానంగా ఆసక్తికరమైనది.

ఆనాటి రూపాయి తూకం 180 గ్రెయిన్లు, అనగా సుమారు 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. 1840 నాటి నాణెంపై విక్టోరియా రాణి శిరస్సు కిరీటం లేకుండా కనిపిస్తుంది. 1862 నాటి ముద్రలో కిరీటమూ, పూల అల్లికల వస్త్రమూ చేరాయి. ఈ రెండవ నాణెంలో ఒక చిక్కు ఉన్నది. 1862 అనే సంవత్సరమే ఆ తరువాత పదేళ్ళకు పైగా నాణేలపై కొనసాగింది. కనుక సంవత్సరాంకాన్ని బట్టి మాత్రమే నాణెం వయస్సును నిర్ధారించడం సాధ్యం కాదు. 1877 నుండి 'రాణి' అనే బిరుదు స్థానంలో 'సామ్రాజ్ఞి' అనే బిరుదు వచ్చింది.

నాణెం ఎంత అరిగినదో, ఎంత చెక్కుచెదరక నిలిచినదో నిర్ణయించడమే గ్రేడింగు. అమెరికా దేశానికి చెందిన విలియం షెల్డన్ 1949లో పెద్ద రాగి సెంట్ల కోసం ఒకటి నుండి డెబ్బయి వరకు అంకెల కొలతను ప్రతిపాదించాడు. కాలక్రమంలో అది ఇతర నాణేలకూ విస్తరించింది. ఒక్క మెట్టు తేడాతో ధర అనేక రెట్లు మారవచ్చు.

ప్రధాన భూభాగానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన ఉన్న దీవులలో నాణెం దొరికినప్పుడు నిపుణుని వద్దకు ముందుగా చేరేది దాని ఛాయాచిత్రమే. దానిని చదవడానికి ఒక క్రమం ఉన్నది. మొదట నాణెంలో ఎత్తైన భాగాలను చూడాలి. 1862 రూపాయిలో చెవి పైని కురులు, కిరీటపు అంచు, వస్త్రంపై పూల అల్లికలు ముందుగా అరుగుతాయి. అయితే అచ్చు బలహీనంగా పడినప్పుడు కూడా ఆ రేఖలు మసకగానే ఉంటాయి. పరిసరాలలోని అక్షరాలు పదునుగా ఉండి నడిమి భాగం మాత్రమే మసకగా ఉంటే అది అరుగుదల కాక ముద్రణాలోపం కావచ్చును. రెండు ముఖాలతోపాటు అంచు చిత్రం కూడా అవసరం. నలుపు తెలుపు చిత్రంలోనైతే రాగికీ వెండికీ భేదమే తెలియదు.

ఛాయాచిత్రం దాచే విషయాలు ఇంతకంటె ముఖ్యమైనవి. కొత్త నాణెం మెరుపు, దానిని వెలుగులో త్రిప్పినప్పుడు చక్రంలా కదులుతుంది. నిశ్చల చిత్రంలో ఆ కదలిక ఉండదు. ఎదురుగా పడిన వెలుగు సన్నని గీతలను మరుగుపరుస్తుంది. పక్కనుండి పడిన వెలుగు అవే గీతలను పెద్దవిగా చూపుతుంది. చింతపండుతోనో, బూడిదతోనో తోమిన నాణెం చిత్రంలో కొత్తదానివలె భ్రమ గొలుపుతుంది. నిజానికి దాని సహజమైన పైపొర శాశ్వతంగా పోయింది. పోతపోసిన నకిలీని పట్టుకోవడానికి తూకమూ, సుమారు 10.3గా ఉండవలసిన సాపేక్ష సాంద్రతా తోడ్పడతాయి. సముద్రపు గాలి, ఉప్పునీటి ఊట ఉన్న చోట వెండిపై సిల్వర్ క్లోరైడు పొర బూడిదరంగులో ఏర్పడుతుంది. దీనిని అరుగుదలగా పొరబడటం సులభం. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ముంచెత్తిన తీరాలలో మట్టి నుండి బయటపడే లోహ వస్తువులను పరిశీలించేవారు దీనిని గుర్తుంచుకోవాలి.

ఇది సేకర్తల వ్యాపకం మాత్రమే కాదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల నిధిని గురించి కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. దానిని వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం. చిత్రాన్ని మాత్రమే చూచి వ్రాసిన విలువ ఒకసారి దస్త్రంలోకి ఎక్కితే, తరువాతి నిర్ణయాలన్నీ దానిపైనే ఆధారపడతాయి. కనుక చిత్రాన్ని చూచి చేసిన అంచనాను తాత్కాలికమని పేర్కొని, తూకాన్నీ, వెలుగు దిశను మార్చి తీసిన చిత్రాలనూ కోరడం, నాణేన్ని శుభ్రపరచవద్దని ముందుగానే తెలియజేయడం వివేకం.

గ్రేడు, చరిత్ర ఒకటి కావని కూడా గుర్తించాలి. నికోబారు దీవులలో చాలాకాలం కొబ్బరికాయయే మారక ద్రవ్యం. అక్కడ వెండికి ఆభరణంగా ఆదరణ ఎక్కువ. తెలుగు నేలపై లంబాడీ స్త్రీల హారాలలోనూ రూపాయలు మెరిశాయి. కొక్కెం అతికిన మచ్చ గల నాణేన్ని విపణి తక్కువగా చూస్తుంది; చరిత్రకారుడు ఆ మచ్చనే ముందుగా చూస్తాడు. పెట్టె దాటని నాణెం టంకశాల నైపుణ్యాన్ని చెబుతుంది. స్వయంపోషకుని చేతిలో, దుకాణదారుని గల్లాలో తిరిగి నునుపెక్కిన నాణెం ద్వీపాంతరవాసపు దైనందిన జీవితాన్ని చెబుతుంది. మొదటిదానికి అంకె చాలును. రెండవదానికి అది దొరికిన చోటు, దొరికిన తీరు కూడా నమోదు కావాలి.