కదులుతూ గురిపెట్టడం: ప్రాక్టికల్ పిస్టల్ షూటింగ్‌లో వేగం చరిత్ర

1. పరిచయం

షూటింగ్ పోటీ అనగానే మీకు ఏ దృశ్యం గుర్తుకు వస్తుంది? హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో కాంస్యం గెలిచిన సందర్భం కావచ్చు. అదే నగరానికి చెందిన ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ విభాగంలో రజతం అందుకున్న సందర్భం కావచ్చు. ఈ పోటీలలో క్రీడాకారులు తమకు కేటాయించిన చోట నిలబడి కాలుస్తారు. శరీరం ఎంత నిశ్చలంగా ఉంటే గురి అంత బాగా కుదురుతుంది. ఒలింపిక్స్‌లోని ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీలో అయిదు టార్గెట్లపై అయిదు గుండ్లను మొదట 8 సెకన్లలో, తర్వాత 6 సెకన్లలో, చివరకు 4 సెకన్లలో కాల్చాలి. అక్కడ వేగం ఉంది. అయినా పాదం మాత్రం కదలదు.

ఇందుకు భిన్నమైన పోటీ మరొకటి ఉంది. దానిని ప్రాక్టికల్ షూటింగ్ అంటారు. ఇందులో పోటీదారు నడుముకు కట్టిన ఒరలోంచి పిస్టల్ తీసి, ఒక చోటు నుంచి మరో చోటుకు పరుగెత్తుతూ, అడ్డుగోడల పక్కనుంచి, కిటికీల్లోంచి కాగితపు, ఇనుప టార్గెట్లను కాలుస్తాడు. కాలానికీ గురికీ కలిపి లెక్క కడతారు.

ఈ వేగం, ఈ కదలిక ఎలా పుట్టాయి? ఎవరో ఒక ప్రతిభావంతుడు కనిపెట్టాడని చెప్పడం సులభం. ఈ పాఠంలో మనం మరో కారణాన్ని పరిశీలిద్దాం. గెలుపును లెక్కించే పద్ధతి మారినప్పుడు ఆటగాడి శరీరం కదిలే తీరు కూడా మారిందన్నది ఈ పాఠంలోని ముఖ్యాంశం.

2. బిగ్ బేర్ నుంచి కొలంబియా వరకు

ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలం వరకు పిస్టల్ పోటీలలో ప్రధానమైనది నిలబడి, ఒంటి చేత్తో, గుండ్రటి టార్గెట్‌పై కాల్చే పద్ధతి. దగ్గరి దూరంలో త్వరగా కాల్చవలసి వస్తే సైట్లు చూడకుండా నడుము ఎత్తునుంచే కాల్చాలని చాలామంది నమ్మేవారు. ఏది నిజంగా మేలైనదో తేల్చగల బహిరంగ పరీక్ష లేదు.

ఆ పరీక్ష అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మొదలైంది. అమెరికా మెరైన్ దళంలో పనిచేసిన జెఫ్ కూపర్ (1920-2006) 1950ల చివర బిగ్ బేర్ లేక్ అనే కొండప్రాంతపు ఊరిలో పోటీలు ఏర్పాటు చేశాడు. ఎవరు ఏ పద్ధతిలోనైనా కాల్చవచ్చు. త్వరగా, సరిగా కొట్టినవాడు గెలుస్తాడు. లాస్ ఏంజిలిస్ కౌంటీ షెరీఫ్ శాఖలో పనిచేసే జాక్ వీవర్ అక్కడ రెండు చేతులతో పిస్టల్ పట్టుకొని, కంటి ఎత్తుకు లేపి, సైట్లు చూసి కాల్చాడు. నడుము ఎత్తునుంచి కాల్చేవారు ఆయనకంటే ముందే పేల్చినా గురి తప్పేవారు. వీవర్ గెలవసాగాడు. మిగిలినవారు ఆయనను అనుకరించారు. కూపర్ తన పాత అభిప్రాయాన్ని వదులుకొని ఈ భంగిమను తన బోధనలో ప్రధానాంశం చేసుకున్నాడు.

వీవర్ భంగిమను మీరు ఊహించుకోండి. కుడిచేతివాటం వ్యక్తి ఎడమ పాదం ముందుకు వేసి, దేహాన్ని కొద్దిగా పక్కకు తిప్పి నిలబడతాడు. కుడిచెయ్యి పిస్టల్‌ను ముందుకు నెడుతుంది, వంచిన ఎడమచెయ్యి వెనక్కి లాగుతుంది. ఈ రెండు బలాల బిగింపులో పిస్టల్ ఎగురుడు తగ్గుతుంది.

ఇటువంటి పోటీలు క్రమంగా ఇతర దేశాలకు వ్యాపించాయి. 1975లో స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో జరిగిన తొలి ప్రపంచ పోటీలో అమెరికాకు చెందిన రే చాప్‌మన్ గెలిచాడు. 1976 మే నెలలో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, కొలంబియా నగరంలో సమావేశమైన ప్రతినిధులు అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్యను స్థాపించారు. దీనినే ఐపీఎస్‌సీ అంటారు. కూపర్ దాని తొలి అధ్యక్షుడు. డిలిజెన్షియా, విస్, సెలెరిటాస్ అనే మూడు లాటిన్ మాటలు దాని ఆదర్శవాక్యం. కచ్చితత్వం, శక్తి, వేగం అని వాటి భావం. ఈ మూడింటిలో ఏదీ మిగతావాటిని మింగేయకూడదన్నది స్థాపకుల ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని అమలు చేయవలసిన బాధ్యత లెక్కల పద్ధతిపై పడింది.

3. లెక్క మార్చిన ఆట

ఐపీఎస్‌సీ పోటీలలో ప్రధానమైన లెక్కింపును కామ్‌స్టాక్ పద్ధతి అంటారు. దీనిలో కాలపరిమితి ఉండదు, ఎన్ని గుండ్లయినా కాల్చవచ్చు. సాధించిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు. వచ్చిన ఫలితాన్ని హిట్ ఫ్యాక్టర్ అంటారు. కాగితపు టార్గెట్‌పై మధ్యభాగమైన ‘ఏ’కు 5 పాయింట్లు. శక్తిమంతమైన గుండ్లు వాడేవారికి ‘సి’కి 4, ‘డి’కి 2. తక్కువ శక్తి గల గుండ్లు వాడేవారికి అవే 3, 1 అవుతాయి. తప్పిన ప్రతి గుండుకూ 10 పాయింట్లు కోత.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 12 కాగితపు టార్గెట్లున్నాయి, ఒక్కొక్కదానికి రెండు గుండ్లు కావాలి. గరిష్ఠంగా 120 పాయింట్లు. ముగ్గురు పోటీదారులూ శక్తిమంతమైన గుండ్లే వాడుతున్నారనుకోండి.

మొదటి పోటీదారు 24 గుండ్లూ ‘ఏ’లో కొట్టాడు, 20 సెకన్లు పట్టింది. 120ని 20తో భాగిస్తే 6.00.

రెండో పోటీదారు 18 ‘ఏ’, 6 ‘సి’ కొట్టాడు. అంటే 114 పాయింట్లు. 18 సెకన్లలో ముగించాడు. ఫలితం 6.33.

మూడో పోటీదారు 16 సెకన్లలోనే ముగించాడు. కానీ 16 ‘ఏ’, 6 ‘సి’ తగిలి, రెండు గుండ్లు తప్పాయి. 104 నుంచి 20 తీసివేస్తే 84. ఫలితం 5.25.

గెలిచినవాడు రెండో పోటీదారు. పూర్తి కచ్చితత్వం చూపినవాడూ, అందరికంటే వేగంగా ముగించినవాడూ ఇద్దరూ అతని వెనుకే ఉన్నారు. ఇప్పుడు ఈ లెక్కను మరోలా చదవండి. సెకనుకు 6 పాయింట్లు వచ్చే చోట ‘ఏ’కు బదులు ‘సి’ తగిలితే పోయేది 1 పాయింటు, అంటే సుమారు 0.17 సెకను. గుండు తప్పితే ఆ 5 పాయింట్లూ పోయి, మరో 10 కోత పడుతుంది. మొత్తం 15 పాయింట్లు, అంటే రెండున్నర సెకన్లు. అదే పోటీదారు నడకలో అర సెకను మిగిల్చుకుంటే 3 పాయింట్ల విలువ లభిస్తుంది, అందుకు గురిలో ఏమీ వదులుకోనక్కరలేదు. కదలిక మీద శ్రద్ధ పెరగడానికి మూలం ఇక్కడే ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ. 24 గుండ్లలో 22 ‘ఏ’, 2 ‘సి’ కొట్టి 19 సెకన్లలో ముగించిన పోటీదారు హిట్ ఫ్యాక్టర్ ఎంత? పై ముగ్గురిలో అతని స్థానం ఎక్కడ?
(జవాబు: 118ని 19తో భాగిస్తే 6.21. రెండో పోటీదారు తర్వాతి స్థానం.)

4. భంగిమ నుంచి కదలికకు

1980ల తొలినాళ్ళలో అరిజోనా రాష్ట్రానికి చెందిన ఇద్దరు యువకులు, రాబ్ లీథమ్, బ్రయన్ ఇనాస్, వీవర్ భంగిమను పక్కన పెట్టారు. ఛాతీని టార్గెట్‌కు ఎదురుగా ఉంచి, రెండు చేతులనూ సమానంగా చాచి కాల్చసాగారు. పైనుంచి చూస్తే చేతులు, ఛాతీ కలిసి సమద్విబాహు త్రిభుజంలా కనబడతాయి కాబట్టి దీనికి ఐసోసెలిస్ అని పేరు. 1983లో అమెరికాలో జరిగిన ప్రపంచ పోటీలో లీథమ్ విజేత అయ్యాడు. ఇనాస్ తమ అనుభవాన్ని 1990లో పుస్తకంగా ప్రచురించాడు. కొన్నేళ్ళలోనే ఈ పద్ధతి అగ్రశ్రేణి పోటీదారులలో స్థిరపడింది.

ఎందుకు? వీవర్ భంగిమ పాదాల అమరికపై ఆధారపడుతుంది. పాదం మారితే దేహం కోణం మారుతుంది, చేతుల బిగింపు చెదురుతుంది. కుడివైపు టార్గెట్లకు తిరగడం కుడిచేతివాటం వారికి కష్టం. ఐసోసెలిస్‌లో నడుము పైభాగం ఒకే రూపంలో ఉండి రెండు వైపులా సులభంగా తిరుగుతుంది. కింద కాళ్ళు ఏం చేస్తున్నా పైన త్రిభుజం చెదరదు. అంటే కాల్చడానికి ఆగవలసిన అవసరం తగ్గింది.

దీనికి తోడు పేలిన శబ్దాన్ని పసిగట్టి కాలాన్ని నమోదు చేసే ఎలక్ట్రానిక్ టైమర్లు వాడుకలోకి వచ్చాయి. చేతి గడియారం మొత్తం కాలాన్ని మాత్రమే చెప్పేది. టైమర్ ఒక గుండుకూ మరో గుండుకూ మధ్య ఎంత సమయం పట్టిందో చెబుతుంది. సాధన చేసేవారు తమ కాలం ఎక్కడ ఖర్చవుతున్నదో తొలిసారి అంకెల్లో చూసుకోగలిగారు. ట్రిగ్గర్ నొక్కే వేగంలో అగ్రశ్రేణి వారికీ మధ్యస్థులకూ ఉన్న తేడా చిన్నది. పెద్ద తేడా తుపాకి పేలని క్షణాలలో కనిపించింది.

అక్కడి నుంచి కొన్ని సాధన సూత్రాలు రూపుదిద్దుకున్నాయి. కొత్త స్థానానికి చేరేముందే పిస్టల్‌ను కంటి ఎత్తుకు తేవాలి, పాదం నిలదొక్కుకునేసరికి మొదటి గుండు సిద్ధంగా ఉండాలి. చివరి టార్గెట్‌ను కాలుస్తూనే శరీర బరువును వెళ్ళవలసిన దిక్కుకు మార్చుకోవాలి. మోకాళ్ళు వంచి ఆగాలి. నిటారుగా లేచి నిలబడితే మళ్ళీ బయలుదేరడానికి వంగక తప్పదు. నడుస్తూ కాల్చేటప్పుడు అడుగులు చిన్నవిగా, మోకాళ్ళు మెత్తగా ఉండాలి. టార్గెట్ మారేటప్పుడు చూపు ముందు వెళ్ళాలి, పిస్టల్ దాని వెంట రావాలి. మ్యాగజైన్ మార్చడం పరుగులోనే పూర్తయితే దానికి విడిగా కాలం ఖర్చు కాదు. పోటీదారులు ముందుగా మైదానంలో ఖాళీ చేతులతో నడిచి, ఎక్కడ ఆగాలో, ఏది ఎక్కడినుంచి కాల్చాలో మనసులో కంఠస్థం చేసుకుంటారు.

ఈ వేగానికి హద్దు గీసింది భద్రతా నియమం. కాల్చకుండా కదిలేటప్పుడు వేలు ట్రిగ్గర్ గార్డు బయట స్పష్టంగా కనబడాలి. పిస్టల్ మొన ఎదురు దిక్కునుంచి ఇరువైపులా 90 డిగ్రీలు దాటకూడదు. దాటితే ఆ పోటీ మొత్తం నుంచి తొలగింపు తప్పదు. కాబట్టి వెనక్కి పరుగెత్తవలసి వచ్చినా మొనను ఎదురు దిక్కుకే ఉంచే కదలికను అందరూ నేర్చుకున్నారు. ఇక్కడ కూడా శరీరాన్ని తీర్చిదిద్దింది నియమమే.

5. ఒక అభ్యంతరం, ఒక చీలిక

వేగం పెరగడానికి ఆయుధంలో వచ్చిన మార్పులే కారణమని మీరు వాదించవచ్చు. ఆ వాదనలో నిజం ఉంది. పిస్టల్ ఎగురుడును తగ్గించే కాంపెన్సేటర్లు వచ్చాయి. 1990 ప్రాంతానికి ఎర్రచుక్క చూపే సైట్లు పోటీలలోకి ప్రవేశించాయి. అయితే ఇవి లేని పిస్టళ్ళకు తర్వాత ప్రత్యేక విభాగాలు ఏర్పడ్డాయి. ఆ విభాగాలలో కూడా పోటీదారులు ఇదే భంగిమలో, ఇదే తీరులో కదులుతారు. కనుక ఆయుధం ఒక కారణమే గానీ ఏకైక కారణం కాదు.

రెండో అభ్యంతరం మరింత లోతైనది. ఆత్మరక్షణకు పనికివచ్చే నైపుణ్యాన్ని పరీక్షించడానికి కూపర్ ఈ పోటీలను ప్రారంభించాడు. నిజమైన ప్రమాదంలో ఎవరూ మైదానాన్ని ముందుగా నడిచి చూసుకోరు. అడ్డుగోడను వదిలి బయట నిలబడరు. పోటీ ఆటగా మారిపోయిందని కూపర్ తర్వాతి కాలంలో విమర్శించాడు. అదే అసంతృప్తితో 1996లో అమెరికాలో ఐడీపీఏ అనే మరో సంస్థ ఏర్పడింది. అందులో అడ్డును ఉపయోగించుకుంటూ కాల్చాలి, పిస్టల్‌ను దుస్తుల చాటున ఉంచుకోవాలి. లెక్కింపు కూడా వేరు. పట్టిన కాలానికి తప్పుల సెకన్లను కలుపుతారు. తగ్గిన ప్రతి పాయింటుకు మొదట అర సెకను కలిపేవారు, 2017లో దానిని ఒక సెకనుకు పెంచారు. అంటే గురి తప్పడం రెండింతలు ఖరీదయింది. తొందరపడి కాల్చడం ఆ మేరకు నష్టదాయకమయింది.

ఈ రెండు సంస్థలలో ఏది ‘ప్రాక్టికల్’ అన్న వివాదంలో మనం తీర్పు చెప్పనక్కరలేదు. చరిత్ర విద్యార్థిగా మీరు గమనించవలసినది ఒకటుంది. తాను స్థాపించిన పోటీ తన బోధననే ఓడించింది. ఏ పద్ధతిలోనైనా కాల్చవచ్చని తలుపు తెరిచినందువల్లే వీవర్ గెలిచాడు. అదే తలుపులోంచి పాతికేళ్ళ తర్వాత లీథమ్, ఇనాస్ వచ్చారు. మొదటిసారి తన నమ్మకాన్ని మార్చుకున్న కూపర్ రెండోసారి మార్చుకోలేదు. నియమాన్ని రాసినవారి ఉద్దేశం ఒకటి కావచ్చు. ఆ నియమం దేనికి బహుమతి ఇస్తుందో అదే కాలక్రమంలో పెరుగుతుంది.

6. సారాంశం

బిగ్ బేర్‌లోని బహిరంగ పోటీ సైట్లు చూసి రెండు చేతులతో కాల్చే పద్ధతిని నిలబెట్టింది. పాయింట్లను సెకన్లతో భాగించే లెక్క ప్రతి అడుగుకూ ఒక వెల కట్టింది. ఆ వెలను టైమర్ కంటికి చూపింది. పాదాలపై ఆధారపడని ఐసోసెలిస్ భంగిమ కదలికకు వీలు కల్పించింది. భద్రతా నియమాలు దానికి హద్దు గీశాయి.

7. నమూనా పరీక్ష ప్రశ్నలు

1. వీవర్ భంగిమ స్థానంలో ఐసోసెలిస్ భంగిమ స్థిరపడటానికి కారణాలను వివరించండి. (30 పంక్తులు)
2. ఐపీఎస్‌సీ, ఐడీపీఏ లెక్కింపు పద్ధతులను పోల్చి, అవి పోటీదారుల కదలికను ఎలా ప్రభావితం చేస్తాయో చర్చించండి. (30 పంక్తులు)
3. కబడ్డీలో రైడర్‌కు 30 సెకన్ల పరిమితి ఉంది. ఆ పరిమితి లేకపోతే రైడర్ ఆట ఎలా మారుతుంది? మీరు చూసిన ఆటల ఆధారంగా రాయండి. (10 పంక్తులు)