పోచంపల్లి బట్ట మొదట ఎవరి కోసం నేసేవాళ్లు?

మన ఇబ్రహీంపట్నం నుంచి బైక్ తీస్తే గంట, గంటన్నరలో పోచంపల్లి. వీకెండ్ వస్తే చీరల కోసం పోయేవాళ్లు, రీల్స్ కోసం పోయేవాళ్లు, పెళ్లి షాపింగ్ పేరు చెప్పి మొత్తం ఖాందాన్‌ని కారులో ఎక్కించుకుని పోయేవాళ్లు, అందరూ ఉన్నారు. ఊరి పేరు కొత్తగా చెప్పేదేం లేదు. 2021 డిసెంబర్ 2న మాడ్రిడ్‌లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ 32 దేశాల నుంచి 44 ఊళ్లను ఉత్తమ పర్యాటక గ్రామాలుగా ప్రకటించింది. ఆ ఏడు మన దేశం మూడు ఊళ్ల పేర్లు పంపింది. మేఘాలయ నుంచి కోంగ్‌థాంగ్, మధ్యప్రదేశ్ నుంచి లాధ్‌పురా ఖాస్, మన దగ్గర నుంచి పోచంపల్లి. మూడింటిలో గెలిచింది మన ఊరే.

ఇదంతా వాట్సాప్ ఫార్వర్డ్‌లో చదివే ఉంటారు. నేను చెప్పాలనుకుంటున్నది వేరే. పోచంపల్లి పట్టుచీర అనగానే ఎవరైనా సరే "తరతరాల వారసత్వం, వేల ఏళ్ల కళ" అని మొదలుపెడతారు. పోచంపల్లిలో పట్టు మీద ఇకత్ నేయడం మొదలై ఇంకా అరవై ఏళ్లు కూడా నిండలేదు. మీ నాయనమ్మ పెళ్లికి ఆ చీర లేదు. అంతకు ముందు అక్కడ తయారైన ఇకత్ బట్ట మన ఆడవాళ్లు కట్టుకునేదే కాదు. అది సముద్రం దాటి పోయేది.

అది ఎక్కడిదో తెలియాలంటే ముందు చీరాల పోవాలి. ఇప్పటి బాపట్ల జిల్లా చీరాల. అక్కడ తేలియా రుమాల్ అని ఒక బట్ట నేసేవాళ్లు. చౌకా అని కూడా అనేవాళ్లు. తేల్ అంటే నూనె. పేరులోనే ఉంది చూడండి, ఇది నూనె పట్టించిన నూలుతో నేసిన చదరపు గుడ్డ. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. నూలుకు నూనె పట్టించడం, ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో నానబెట్టి పిసకడం, ఎండబెట్టడం, మళ్లీ పిసకడం. ఇట్ల రెండు మూడు వారాలు. ఎందుకంత కష్టం అంటే, పత్తికి ఎరుపు రంగు సులువుగా అంటదు. అంటినా నిలవదు. నూనె, బూడిద క్షారం, పటిక, ఈ మూడూ పడితేనే ఎరుపు దారంలోకి దిగి కూర్చుంటుంది. మొదట్లో ఆ ఎరుపు చిరివేరు నుంచి తీసేవాళ్లు, తర్వాత విదేశాల నుంచి అలిజరిన్ రంగు వచ్చింది.

ఆ గుడ్డకి గిరాకీ అరబ్బుల దగ్గర. గల్ఫ్ తీరం, ఏడెన్, తూర్పు ఆఫ్రికా. ఎడారి ఎండలో తలకు చుట్టుకుంటే నూనె పట్టిన దారం చల్లగా ఉంటుందని, దుమ్ము అంటదని వాళ్లు ఇష్టపడేవాళ్లు. మన దగ్గర జాలర్లు, పశువులు కాసేవాళ్లు లుంగీగానో, తలగుడ్డగానో వాడేవాళ్లు. అంటే ఇయ్యాల మ్యూజియంలో అద్దం వెనకాల పెట్టే గుడ్డ, అప్పట్లో చెమట తుడుచుకునే గుడ్డ.

20వ శతాబ్దం మొదట్లో ఈ పని చీరాల నుంచి పోచంపల్లికి వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. చీరాల బ్రిటిష్ వాళ్ల మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉంది, పోచంపల్లి నిజాం రాజ్యంలో ఉంది. రెండు వేరే సర్కార్లు. మధ్యలో ఎన్ని వందల కిలోమీటర్లో మీరే మ్యాప్ తీసి చూడండి. అయినా పని నడుచుకుంటూ వచ్చింది. పోచంపల్లి పద్మశాలీల దగ్గర మగ్గం అంతకు ముందు నుంచే ఉంది. కొత్తగా నేర్చుకున్నది నేయకముందే దారాన్ని కట్టి రంగు వేయడం. ఇయ్యాల మనం ఇకత్ అంటున్నాం. ఇకత్ అన్నది ఇండోనేషియా వైపు నుంచి వచ్చిన మాట, అక్కడ కూడా దాని అర్థం కట్టడమే. మన నేతగాళ్ల మాట చిటికి.

తర్వాత ఆ ఎగుమతి పడిపోయింది. దూర దేశాల్లో కొనేవాడు కొనడం ఆపితే ఇక్కడ మగ్గం ఆగుతుంది. చీరాలలో ఆ పని దాదాపు కనుమరుగైంది. పోచంపల్లి చుట్టుపక్కల మాత్రం రుమాల్ వదిలి, అదే చేతిపనిని చీర మీదికి మార్చారు. స్వాతంత్ర్యం తర్వాత నూలు చీరలు, 1955లో సహకార సంఘం. 1970 ప్రాంతంలో ఇక్కడి కుర్రాళ్లను బనారస్ పంపి పట్టు నేయడం నేర్పించారు. వాళ్లు తిరిగొచ్చాకనే మనకు తెలిసిన పోచంపల్లి పట్టుచీర పుట్టింది. గల్ఫ్ కోసం నేర్చుకున్న పని, బనారస్‌లో నేర్చుకున్న పట్టు, రెండూ కలిసి మన పెళ్లిళ్లకు వచ్చాయి. 2004-05లో జీఐ గుర్తింపు వచ్చింది. దేశంలో జీఐ రిజిస్టర్ తెరిచిన తొలి రోజుల్లోనే, డార్జిలింగ్ టీ పక్కన, మన పోచంపల్లి ఇకత్ ఉంది.

ఊరి పేరుకు ముందున్న భూదాన్ గురించి కూడా ఒక్క నిమిషం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే నడుచుకుంటూ ఈ ఊరికి వచ్చారు. అది తెలంగాణ సాయుధ పోరాటం చివరి రోజులు, భూమి కోసం ఊళ్లకు ఊళ్లు రగులుతున్న కాలం. ఊళ్లోని దళిత కుటుంబాలు మాకు 80 ఎకరాలు కావాలన్నాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం దేశమంతా పాకింది అక్కడి నుంచే. దాని మంచిచెడ్డలు వేరే ఎపిసోడ్‌కి సరిపోయేంత ఉంది. ఇప్పటికి ఇంతే.

సరే, మళ్లీ మగ్గం దగ్గరికి వద్దాం. టూరిస్టు పోయి చూసేది మగ్గాన్ని. గుంటలో కాళ్లు పెట్టుకుని ఒకాయన కూర్చుంటాడు, నాడె అటు ఇటు పరుగెత్తుతుంది, టకటక సౌండ్, మంచి వీడియో వస్తుంది. కానీ ఇకత్‌లో డిజైన్ తయారయ్యేది మగ్గం మీద కాదండి. మగ్గం దగ్గరికి వచ్చేసరికి డిజైన్ దారంలోనే ఉంటుంది. బీటెక్ వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్తా. ఇమేజ్‌లో ఏ పిక్సెల్ ఏ రంగో ముందే ఫైల్‌లో రాసి ఉంటుంది, స్క్రీన్ దాన్ని చూపిస్తుందంతే. ఇక్కడ ఫైల్ అంటే రంగు వేసిన దారం, స్క్రీన్ మగ్గం. తేడా ఏందంటే, ఇక్కడ ఫైల్ చేత్తో తయారవుతుంది, అన్‌డూ లేదు.

అది ఎట్ల తయారవుతుందో చూడండి. పేక దారాన్ని ఒక చెక్క మీద అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ, మధ్యలో ఉన్న మేకు నుంచి ఒక్కో మేకుకు, పోసుకుంటూ వెళ్లాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. పోసిన దారం మీద డిజైన్ గీసుకుని, రంగు అంటకూడని చోట గట్టిగా కట్లు కట్టాలి. ఆ కట్లకు సైకిల్ ట్యూబులు సన్నగా కోసిన రబ్బరు వాడతారు. అద్దకం వేసి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొత్తవి కట్టి, ఇంకో రంగులో ముంచాలి. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. డబుల్ ఇకత్ అయితే పడుగు, పేక రెండింటికీ ఇదే పని. నేసేటప్పుడు పడుగు మీది బొమ్మ, పేక మీది బొమ్మ ఒకదాని మీద ఒకటి కరెక్టుగా కూర్చోవాలి. దారం ఒక నూలు పోగంత జరిగినా బొమ్మ చెదురుతుంది. ఇకత్ డిజైన్ అంచులు కొంచెం మసకగా, ఈకలు లేచినట్టు కనిపించేది అందుకే.

ఇందులో ఆసు పోసేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లు. ఒక చీర పేకకు చెయ్యి 9,000 సార్లు అటు ఇటు ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. భుజం ఎట్లయితది? ఆలేరు మండలం శారాజీపేటలో ఒక అబ్బాయి వాళ్లమ్మ భుజం నొప్పిని రోజూ చూశాడు. ఆరో తరగతితో బడి ఆగిపోయింది. ఇంజనీరింగ్ చదవలేదు. ఏడేళ్లు తిప్పలు పడి 1999లో ఆసు మెషిన్ చేశాడు, దానికి వాళ్లమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. ఆయనే చింతకింది మల్లేశం. 2017లో పద్మశ్రీ, 2019లో ప్రియదర్శి హీరోగా సినిమా. సినిమా చూసినవాళ్లకు ఇదంతా తెలుసు. నాకు మాత్రం ఆ కథలో ఇంకోటి కనిపిస్తది. చెయ్యి అన్ని వేలసార్లు ఆడుతుందని బయట ప్రపంచం లెక్కపెట్టింది ఆయన మెషిన్ చేశాకనే. అంతకు ముందు ఎవ్వరూ లెక్కపెట్టలేదు, ఎందుకంటే అది ఇంట్లో పని, చీర కూలీలోనే కలిసిపోయే పని.

2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, దాని అనుబంధ పనుల్లో ఉన్నది 35 లక్షల మంది. అందులో వందకు 70 మందికి పైగా ఆడవాళ్లే. మరి "నేతన్న" అనే మాట ఉన్నంతగా "నేతక్క" అనే మాట మనకు వినిపిస్తదా?

ఇప్పుడు టూరిజం దగ్గరికి వద్దాం. చేతిపనులు, పల్లె, టూరిస్టులు, ఈ ఫార్ములా ప్రపంచమంతా నడుస్తోంది. బాల్టిక్ సముద్రం వైపు ఎస్టోనియా అనే చిన్న దేశం ఉంది. దాని కింద కిహ్ను అనే దీవి, వెయ్యి మంది కూడా ఉండరు. మగవాళ్లు చేపలకు, సీల్ వేటకు నెలల తరబడి సముద్రం మీద పోయేవాళ్లు. ఊరిని, పొలాన్ని, మగ్గాన్ని నడిపింది ఆడవాళ్లు. అక్కడి చారల ఉన్ని లంగాలు వాళ్లే నేసుకుంటారు, వాళ్లే కట్టుకుంటారు. సంతోషంలో ఎరుపు ఎక్కువ, ఇంట్లో ఎవరైనా పోతే ముదురు రంగులు, దుఃఖం తగ్గేకొద్దీ మళ్లీ ఎరుపు. 2003లో యునెస్కో ఆ దీవి సంస్కృతిని గుర్తించింది. టూరిస్టులు పడవెక్కి వస్తారు.

పోచంపల్లికీ కిహ్నుకూ తేడా ఇక్కడే ఉంది. కిహ్ను ఆడవాళ్లు నేసేది వాళ్ల కోసం. రేపు టూరిస్టు రావడం ఆగినా లంగా నేయడానికి వాళ్లకు కారణం ఉంటుంది. పోచంపల్లి ఇకత్ మొదటి రోజు నుంచీ పరాయివాళ్ల కోసం నేసిన బట్ట. గల్ఫ్ వాడు ఆపితే చీర, నూలు చీరతో పొట్ట నిండకపోతే పట్టు. వందేళ్లు బట్ట కొనేవాడి దగ్గరికి పోయింది. ఇప్పుడు కొనేవాడు బట్ట దగ్గరికి వస్తున్నాడు. 2023 డిసెంబర్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము వచ్చారు. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన ఆఫ్రికా దేశాల అమ్మాయిలు వచ్చారు. ఒకప్పుడు తేలియా రుమాల్ ఏ ఖండానికి పోయిందో, ఆ ఖండం నుంచే మనుషులు వచ్చి మగ్గం చూశారు. న్యూస్ ఛానెళ్లలో ఈ ముక్క ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

కానీ డబ్బు ఎక్కడ ఆగుతుంది? చాలామంది నేతగాళ్లకు దారం, డిజైన్ ఇచ్చేది మాస్టర్ వీవర్. నేసినందుకు కూలీ ఇస్తాడు. టూరిస్టు షోరూంలో ఇచ్చే డబ్బు ముందు పోయేది షోరూంకి. మగ్గం ముందు సెల్ఫీకి ఎవరూ పైసా ఇవ్వరు. నా ఉద్దేశం ఏందంటే, టూరిస్టుకు అమ్మాల్సింది చీర ఒక్కటే కాదు, గంట టైమ్ కూడా. ఆసు పోసే ఆమె పక్కన కూర్చుని ఒక గంట నేర్చుకోవడానికి టికెట్ పెట్టండి, ఆ డబ్బు నేరుగా ఆమె ఫోన్‌పేకి పోనివ్వండి. టికెట్ కొని కుండలు చేయడం నేర్చుకుంటున్న సిటీ జనం, దీనికి రారా? ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.

ఇంకో దెబ్బ ప్రింట్. ఇకత్ డిజైన్‌ని పాలిస్టర్ మీద అచ్చేసి కొన్ని వందలకే అమ్ముతున్నారు. కొనేటప్పుడు బట్ట తిరగేసి చూడండి. ప్రింట్ అయితే వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. ఇకత్‌లో రంగు దారంలోనే ఉంది కాబట్టి ముందూ వెనకా ఒకటే. రెండు సెకన్ల పని.

తేలియా రుమాల్ పూర్తిగా పోయిందా అంటే, లేదు. మన వైపు నుంచి మంచాల దాటి పోతే సంస్థాన్ నారాయణపూర్ మండలం వస్తుంది. అందులో పుట్టపాక. నూనె, ఆముదం కాయల బూడిద, ఆ పాత పద్ధతి అక్కడ ఇంకా బతికుంది. గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది ఆ ఊరి పని మీదే. పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో విడిగా జీఐ కూడా వచ్చింది. పోచంపల్లికి పోయినంత మంది పుట్టపాకకు పోరు. మీరు పొండి. కొనకపోయినా పర్లేదు, కానీ ఇంట్లోకి పోయేముందు అడిగి పొండి, అది వాళ్ల ఇల్లు, ఎగ్జిబిషన్ కాదు. వీడియో తీసేముందు కూడా అడగండి. ఆసు పోసే అక్కనో, పెద్దమ్మనో కనిపిస్తే ముందు ఆమెతో మాట్లాడండి, తర్వాత మగ్గం.

పుట్టపాక ఉన్న మండలంలోనే రాచకొండ కోట కూడా ఉంది. మనలో చాలామందికి రాచకొండ అంటే 2016లో పెట్టి, 2025 దాకా ఆ పేరుతో నడిచిన పోలీస్ కమిషనరేట్, చలాన్ మీద కనిపించిన పేరు. కానీ అది 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. నెక్స్ట్ ఎపిసోడ్ అదే, కోట ఎక్కి తీస్తున్నాం. నీళ్ల బాటిల్ మర్చిపోకండి, పైన షాపుల్లేవు.