వంకాయల బండి దగ్గర వ్యవహారం

వంకాయల బండి దగ్గర పది రూపాయల కోసం మనం ఆడే బేరమూ, కోర్టులో జడ్జిగారి ముందు నడిచే వ్యవహారమూ ఒకే మాట అని తెలిసిన రోజు, కూరగాయలవాడితో నాకు నోరు పెగల్లేదు. అతను చెప్పిన ధరకే కొనుక్కొచ్చి ఇంట్లో చీవాట్లు తిన్నాను.

సంస్కృత వ్యవహారం తెలుగు నోట్లో నలిగి బేహారమైంది, ఇంకా నలిగి బేరమైంది. ఆ పని చేసేవాడు బేహారి. కాదు, వ్యాపారమే బేరంగా మారిందనేవాళ్లూ ఉన్నారు. నా ఓటు మాత్రం వ్యవహారానికే. వ్యాపారంలో లేని ‘హ’ బేహారంలోకి ఎక్కణ్నుంచి ఊడిపడుతుంది?

ధర్మశాస్త్రాల్లో వ్యవహారమంటే వ్యాజ్యం. మనువు అలాంటివి 18 లెక్కపెట్టాడు. వాటిలో నాకు భలే నచ్చింది క్రయవిక్రయానుశయం: కొన్నాకో అమ్మాకో ‘అయ్యో, ఎందుకు చేశాన్రా’ అనిపించడం. పది రోజుల్లోపు సరుకు వెనక్కి ఇచ్చేయొచ్చన్నాడు. యాజ్ఞవల్క్యుడు ఇంకా లెక్కైన మనిషి. సరుకును పరీక్షించుకోవడానికి విత్తనాలకు 10 రోజులు, రత్నాలకు 7, బరువు లాగే పశువుకు 5, పాడిపశువుకు 3, ఇనుముకు 1 అని గడువులు పెట్టాడు. ఫోనులో చీర కొని నాలుగో రోజు తిప్పి పంపేవాళ్లు ఇదేదో కొత్త సదుపాయం అనుకుంటున్నారు! అయితే ఆ వరసలోనే ఆడబానిసకు నెల, మగబానిసకు అరనెల అని కూడా ఉంది. అక్కడికొచ్చేసరికి ముచ్చటంతా చచ్చిపోతుంది.

యాజ్ఞవల్క్యుడి స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య మితాక్షర. దాన్ని 13వ శతాబ్దంలో మన కేతన పద్యాల్లో తెలుగు చేశాడు. తన దశకుమారచరిత్రను తిక్కనకు అంకితమిచ్చిన కేతనే. అప్పులూ తగాదాలూ సాక్ష్యాలూ పద్యాల్లో చదువుకున్న కాలం అది. నాకు ఆ శతాబ్దం మీద కాస్త పక్షపాతం ఉంది, దాచుకోను. ఎందుకంటే మోటుపల్లి రేవులోని శాసనం కూడా అప్పటిదే. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాగేసుకునేవారు. ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఏవైనా సరే. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ అభయశాసనం వేయించి, ముప్పయ్యో వంతు సుంకం తప్ప మరేమీ ముట్టుకోమని మాటిచ్చాడు. ప్రాణంకన్నా ధనమే గొప్పదనుకుని సముద్రమెక్కినవాళ్లని ఆ శాసనం వర్తకుల గురించి అంటుంది. దయ చూపిస్తూనే ఓ చురక! రాజుగారు ఊరికే దయతలిచాడని నేననుకోను. ఓడలు రావాలంటే ముందు నమ్మకం అమ్మాలి. అదే ఆయన చేసిన బేరం.

తర్వాత నాలుగు వందల ఏళ్లు ఒక్క గెంతులో దాటేస్తాను. 1639లో ఇంగ్లీషువాళ్లు దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర చెన్నపట్నం స్థలం సంపాదించుకున్న రోజుల్లో, వాళ్లకు దుబాసీగా తోడున్నవాడు బేరి తిమ్మప్ప. పేరులోనే బేరం వినిపించే మనిషి.

ఈ బేరం మాటల కుటుంబంలో నాకు బాగా బెంగ పుట్టించే మాట సంచకరువు. బేరం ఖాయమైనట్టు ముందుగా చేతిలో పెట్టే సొమ్ము. దీని సంస్కృత మూలం సత్యంకారం, అంటే మాటను నిజం చేయడం. అలా తీసుకుని మాట తప్పితే ఆ సొమ్ముకు రెట్టింపు తిరిగి ఇప్పించాలని యాజ్ఞవల్క్యుడే చెప్పాడు. తర్వాత అరబ్బీ ‘బై’, అంటే అమ్మకం, కడుపున పుట్టిన బయానా వచ్చి కూర్చుంది. ఇప్పుడు దాన్నీ పక్కకు నెట్టి అడ్వాన్సు, టోకెన్. సంచకరువులో ఉన్న సత్యం టోకెన్‌లో ఎక్కడుంది? బేహారి పోయాడు, పెద్ద లావాదేవీలన్నీ డీల్ అయిపోయాయి. బేరానికి మిగిలింది వంకాయలే.

ఒక్కటి మాత్రం ఇంకా పోలేదు. తెలుగులో స్నేహం తెగితే పోయినట్టు, బేరం తెగితే కుదిరినట్టు. మా తాతయ్య వెంట పశువుల సంతకు వెళ్లినప్పుడు, ఆయనా ఎదుటి మనిషీ తుండుగుడ్డ కింద చేతులు పెట్టి వేళ్లు నొక్కుకునేవారు. ధర పక్కవాడికి తెలియకూడదు. పైకి ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటూనే ఉండేవారు. ‘ఎంతకు తెగింది తాతయ్యా?’ అనడిగితే తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని, ఎద్దు పలుపు నా చేతికిచ్చేవాడు.