రాణీవాసంలో ఖైదీ, మద్రాసులో గూఢచారి

మన సంఘం ఆడపిల్లలు ఈమధ్య ఒక రకం నవలలు తెగ చదువుతున్నారు. దెబ్బలు తిని, ఎవర్నీ నమ్మకుండా మనసు తలుపులు బిగించుకున్న ఒక అమ్మాయి ఉంటుంది. ఆమె కోసం ప్రాణం ఒడ్డే సీక్రెట్ ఏజెంట్ ఒకడు ఉంటాడు. "ఇట్లాంటివి నిజంగా జరుగుతాయా మామా?" అని ఒక పాప అడిగింది. జరిగింది తల్లీ, మన మైసూరు రాజ్యంలోనే. ముందే చెబుతా, ఇందులో ప్రేమ లేదు. సస్పెన్స్ మాత్రం ముప్పై ఏళ్ళకు తక్కువ లేదు. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఆమె పేరు లక్ష్మమ్మణ్ణి. ఇమ్మడి కృష్ణరాజ ఒడెయరు రాణి. 1761కే అధికారమంతా హైదర్ అలీ చేతికి పోయింది. 1762లో మన చిక్కబళ్ళాపురం కూడా ఆయన వశమైంది. 1766లో రాజు పోయాడు. తర్వాత గద్దె ఎక్కిన పిల్లవాడు నంజరాజు 1770లో హత్యకు గురయ్యాడు. ఆ వెనక వచ్చినవాడు 1776లో పోయాడు. గద్దె మీద రాజు ఉండేవాడు కానీ దసరాకు జనానికి చూపించడానికే. మిగతా ఏడాదంతా కాపలా. శ్రీరంగపట్నం కోటలో ఎవరు లోపలికి పోతున్నారు, ఎవరు బయటికి వస్తున్నారు అన్నది కనిపెట్టే కళ్ళ మధ్య ఈ రాణి బతికింది. ఎవరితో ఎంత మాట్లాడాలో తూచి తూచి మాట్లాడాల్సిన బతుకు.

అట్లాంటి మనిషి ఒకర్ని నమ్మింది. అతను తిరుమలరావు. తమ్ముడు నారాయణరావుతో కలిసి తంజావూరు, మద్రాసు వైపు ఉంటూ రాణి తరఫున ఇంగ్లీషువాళ్ళతో రహస్యంగా బేరాలు నడిపాడు. ఊరికే కాదు. రాజ్యం తిరిగి వస్తే ప్రధాని పదవి వంశపారంపర్యంగా తనకు, రాబడిలో పదో వంతు జాగీరు. చాలామంది దీన్ని చూసి "స్వార్థపరుడు" అంటారు. నాకట్లా అనిపించదు. దొరికితే తలపోయే పనికి ఎవరైనా కూలి అడుగుతారు కదా?

1782 అక్టోబరు 28న తంజావూరులో ఒప్పందం కుదిరింది. కంపెనీ తరఫున అక్కడి రెసిడెంటు జాన్ సలివన్. పాదిరీ ష్వార్ట్జ్ కూడా ఇందులో పాలుపంచుకున్నాడు. దాదాపు ఆరువారాలకు, డిసెంబరు 7న, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో హైదర్ చనిపోయాడు. ఇంక దారి తెరుచుకున్నట్టే అనుకుని ఉంటారు.

1783 జులైలో, టిప్పు మంగళూరు ముట్టడిలో ఉండగా, శ్రీరంగపట్నంలో తిరుగుబాటుకు కుట్ర జరిగింది. అందులో ముఖ్యుడు శామయ్య. ఆయన ఉద్యోగం వింటే ఆశ్చర్యపోతారు: అంచె శాఖ అధిపతి. బాగేపల్లిలో పోస్టాఫీసు బోర్డు మీద కన్నడలో "అంచె కచేరి" అని చూస్తుంటాం కదా, ఆ అంచే. కానీ ఆ రోజుల్లో ఉత్తరాలు మోయడమూ, ఊళ్ళ సమాచారం రాజుకు చేరవేయడమూ ఒకే శాఖ పని. అంటే రాజ్యానికి చెవులైన మనిషే రాజ్యం మీద కుట్ర చేశాడు. గుట్టు ముందే బయటపడింది. చాలామంది చచ్చారు. శామయ్యను ఇనుప బోనులో పెట్టారని విల్క్స్ రాశాడు. విల్క్స్ గెలిచిన పక్షం మనిషి, అది గుర్తుంచుకుని చదవాలి. మేలుకోటె మండ్యం అయ్యంగార్లు నరక చతుర్దశి జరుపుకోకపోవడానికి ఆ కాలపు చంపకాలే కారణమని వాళ్ళ ఇళ్ళలో చెప్పుకుంటారు. ఏ ఏడు, ఎంతమంది అనేదానిమీద చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు.

దీనికంటే నన్ను బాధపెట్టేది తర్వాతి సంగతి. 1784 మార్చి 11న మంగళూరు సంధి. ఇంగ్లీషువాళ్ళు టిప్పుతో చేతులు కలిపేశారు. తంజావూరులో రాణికి ఇచ్చిన మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. తిరుమలరావు ఇంకా మద్రాసులోనే ఉన్నాడు. రాణి ఇంకా కోటలోనే ఉంది. మాట ఇచ్చినవాళ్ళు మాత్రం ఇళ్ళకు పోయారు.

రెండోసారి ఆశ మన ఊళ్ళ మీదుగానే నడిచింది. 1791 మార్చి 21న బెంగుళూరు పడింది. నైజాము గుర్రపుదళాన్ని కలుసుకోవడానికి కారన్‌వాలిస్ ఉత్తరానికి వస్తూ దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం కోటలు తీసుకున్నాడు. అక్టోబరు 19న నందికొండ కూడా పడింది. ఆదివారం బండేసుకుని ఎక్కి ఫోటోలు దిగే ఆ కొండే. మరుసటి ఏడాది టిప్పు సగం రాజ్యం ఇచ్చి, ఇద్దరు కొడుకుల్ని తాకట్టు పెట్టాడు. మళ్ళీ సంధి. మళ్ళీ రాణి ఊసు లేదు.

1796లో ఉన్న ఆ పేరుకు మాత్రం రాజు కూడా పోయాడు. టిప్పు కొత్తవాణ్ణి కూర్చోబెట్టలేదు. అరమనె ఖాళీ చేయించి కుటుంబాన్ని ఒక చిన్న పాత ఇంటికి పంపారు. 1799 మే 4న కోట పడ్డాక వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకు రాణి, అయిదేళ్ళ మనవడు ఆ ఇంట్లోనే కనిపించారు. తమ ఏలుబడి పోయి నలభై ఏళ్ళయిందని ఆమె కమిషనర్లకు రాసింది. జూన్ 30న మైసూరులో పిల్లవాడికి పట్టం కట్టారు. ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు అతనే.

మరి ఏజెంటు సంగతి? ప్రధాని పదవి కోసం తిరుమలరావు ఆ పాత ఒప్పందం చూపించాడు. ఇంగ్లీషువాళ్ళు నిన్నటిదాకా టిప్పు కొలువులో ఉన్న పూర్ణయ్యనే దివానుగా పెట్టుకున్నారు. లెక్కలు తెలిసినవాడు, శిస్తు వసూలు ఎట్లా నడుస్తుందో ఎరిగినవాడు. వాళ్ళకు కావలసింది అది. ఇది తప్పని కూడా నేననను, పూర్ణయ్య పనిమంతుడే. టిప్పు మంచోడా చెడ్డోడా అనే గొడవ కూడా కామెంట్లలో వద్దు, దయచేసి.

రాణి 1810 వరకూ బతికింది. పూర్ణయ్య 1811 దాకా దివానుగా ఉన్నాడు. పదో వంతు జాగీరూ, వంశపారంపర్య ప్రధాని పదవీ తిరుమలరావుకు రాలేదు.