వెలుగు మారితే రంగు మారింది

కాగడా వెలుతురులో మనిషి ముఖం సగమే కనిపిస్తుంది. మంట ఊగినప్పుడల్లా నీడలు ఊగుతాయి. కళ్లు గుంటల్లోకి పోయినట్టుంటాయి. వెనక వరుసలో చాప పరుచుకుని కూర్చున్నవాడికి వేషగాడి కనుబొమ కదిలిందో లేదో తెలియదు. ఈ చిక్కు విడదీసుకోవడానికి తెలుగునాట వీధి భాగవతులు అర్దళాన్ని ఆశ్రయించారు. సంస్కృతంలో హరితాళమనే ఈ పసుపు ఖనిజంలో ఉండేవి ఆర్సెనిక్, గంధకం. విషపదార్థమే. ఆయుర్వేద వైద్యులు శుద్ధి చేసి మందుల్లో వాడిన సరుకునే భాగవతులు మెత్తగా నూరి చెంపలకు పట్టించారు. మంట వెలుగులో పసుపు, ఎరుపు ఛాయలే ఎక్కువ. అర్దళం వాటిని దాదాపు వచ్చింది వచ్చినట్టు తిప్పి పంపిస్తుంది. దానితో ముఖం చీకట్లోంచి బయటికి వచ్చేది. ఆపైన కాటుకతో కనుబొమలు దిద్ది, కంటి కొసలు చెవుల దాకా లాగి, ఇంగిలీకంతో పెదవులు ఎర్రబరిస్తే ఊరి చివర నిలబడ్డవాడికీ వేషం అందేది.

అదీ చాలదనుకున్నప్పుడు గుగ్గిలం ఉండేది. పాత్ర తొలిసారి అడుగుపెట్టే సమయానికి కాగడా మీద గుప్పెడు గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గుమని మంట లేచేది. హిరణ్యకశిపుడి కోరమీసం, కిరీటం, ఎర్రబడ్డ కళ్లు ఒక్కసారిగా జనం మీదికి వచ్చిపడేవి.

తెలుగు రంగస్థలం మీదా, తెర మీదా ముఖానికి రంగు వేసుకోవడం ఒక కళగా ఎలా ఎదిగిందో వెతికితే అందచందాల కథ కంటే దీపాల కథే ఎక్కువగా దొరుకుతుంది. దీపం మారిన ప్రతిసారీ పాత రంగు పనికిరాకుండా పోయింది. కొత్త రంగు, కొత్త చెయ్యి అవసరమయ్యాయి.

కూచిపూడి భాగవతులకు ఆహార్యం నాలుగు అభినయాల్లో ఒకటి. సిద్ధేంద్రయోగి పేరుతో నిలిచిన భామాకలాపంలో సత్యభామ మొదట తెర వెనకే ఉంటుంది. తెర మీదుగా వేలాడేసిన జడ మాత్రం జనానికి కనబడుతుంది. ముఖం చూపకుండానే పాత్రను సగం చూపించేశారన్నమాట. ఆ జడ వెనక ఉన్నది మగవాడు. సంప్రదాయం ప్రకారం మేళంలో వేషాలన్నీ మగవాళ్లవే కాబట్టి, దవడ గరుకుదనం కనబడకుండా రంగు పట్టించడం, మెడ నుంచి చెవిదాకా ఒకే ఛాయ తేవడం కుర్రవాడు తాళంతోపాటు నేర్చుకోవాల్సిన పాఠం. ఈ విద్యకు ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద పేరు తెచ్చినవారు వేదాంతం సత్యనారాయణశర్మ. 1935లో పుట్టిన ఆయనకు సత్యభామ వేషం ఇంటిపేరులా అంటుకుంది, 1970లో పద్మశ్రీ వచ్చింది, 2012లో కన్నుమూశారు.

రాత్రి వేషాలకు పూర్తిగా ఎదురు లెక్క పగటి వేషాలది. కాగడా లేదు, తెర లేదు, అరుగు మీద కూర్చున్న గృహస్థు మూరెడు దూరం నుంచే చూస్తాడు. పట్టపగటి ఎండలో పొరపాటు దాగదు. అర్ధనారీశ్వర వేషాన్నే తీసుకోండి. ఒకే మనిషి ముఖం నుదుటి నడిమి నుంచి గడ్డం దాకా రెండుగా చీలుతుంది. ఒక పక్క విభూతి, జట. మరో పక్క పసుపు, కాటుక కన్ను, ముక్కుపుడక. చేతిలో ఒక గుడ్డ ఉంటుంది. దాన్ని అడ్డుపెట్టి శివుడి సగం చూపిస్తూ గంభీరంగా మాట్లాడతాడు. చటుక్కున గుడ్డ మార్చి, నడుం వంపు మార్చి, గొంతు మార్చి పార్వతిగా జవాబిస్తాడు. రెండు రంగులు కలిసే గీత ముక్కు మీద వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆట చెడుతుంది. రాత్రి మేళంలో దూరాన్ని జయించాల్సిన రంగు, ఇక్కడ దగ్గరితనాన్ని తట్టుకోవాలి.

తర్వాత వేదిక నాటకాలు వచ్చాయి. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం కోస్తా పట్టణాలు తిరిగి వెళ్లింది. ఆ కాలంలోనే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం నాటకం ఆడించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సమాజం తర్వాత కుటుంబాలు కుటుంబాలుగా విస్తరించింది. వేదిక ఎత్తు పెరిగింది, తెరలు లేచాయి, దీపాలు నేల మీదికి దిగాయి. వేదిక అంచున వరసగా పెట్టిన దీపాల వెలుగు కింది నుంచి పైకి కొడుతుంది. ముక్కు కింద, గడ్డం కింద, కనుబొమ కింద ఉండాల్సిన నీడలు అక్కడ ఉండవు. లేనిచోట కొత్త నీడలు పడతాయి. ముక్కును ముక్కులా నిలబెట్టడానికి రెండు పక్కలా ముదురు గీత లాగడం, బుగ్గ కింద గులాబీ ఛాయ వెయ్యడం లాంటి కిటుకులు ఇలాంటి వేదికల మీదే అక్కరకొచ్చాయి. ఇక పెట్రోమాక్స్ దీపాలొచ్చాక వెలుగు తెల్లబడింది. ఆ తెల్లటి కాంతిలో ఒట్టి అర్దళం కామెర్ల ముఖంలా కనిపిస్తుంది. పచ్చదనాన్ని విరవడానికి తెల్లటి సఫేదా కలపాలి. సఫేదా అంటే జింక్ ఆక్సైడ్. దానికి కాస్త ఎరుపు తగిలిస్తే దొరబాబు ఛాయ, కావి కలిపితే పల్లెటూరి ఛాయ.

ఐరోపాలో ఇదే అవస్థకు జర్మన్ గాయకుడు లుడ్విగ్ లైష్నర్ వేరే మందు కనిపెట్టాడు. కొవ్వులో రంగు కలిపి కడ్డీలుగా పోసి 1873లో బెర్లిన్‌లో అమ్మకం పెట్టాడు. చెమటకు కారని ఆ గ్రీజ్ పెయింట్ వచ్చాక నటుడు నూరే రాయిని పక్కనబెట్టి పెట్టె తెరిచాడు.

తెలుగు నాటకానికి స్త్రీ పాత్రల వైభవం తెచ్చిన స్థానం నరసింహారావు ఈ మారుతున్న దీపాల కాలం మనిషి. 1902లో బాపట్లలో పుట్టి, సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి, దేవదేవి వంటి పాత్రలు ధరించారు. ఆయన గొప్పతనం ఒకే ఆడముఖాన్ని అన్ని పాత్రలకూ అతికించకపోవడం. గరువపు రాణికి ఒక కనుబొమ, మొగల్ రాకుమారికి ఒక కనుబొమ, వేశ్యకు మరో కనుబొమ. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. తన అనుభవాలను ‘నటస్థానం’ పేరుతో పుస్తకం చేశారు. ఆయన సమకాలికుడు బళ్లారి రాఘవ మాత్రం ఆడవేషం ఆడవాళ్లే కట్టాలని పట్టుబట్టారు. సురభి కుటుంబాల్లోనైతే అమ్మలు, అక్కలు, కోడళ్లు అప్పటికే రంగు వేసుకుని వేదిక మీద ఉన్నారు.

ఈ రంగుల ఆట తెలుగునేల దాటింది కూడా. ఉత్తరాంధ్ర నుంచి కూలికీ కొలువుకీ జంషెడ్‌పూర్ చేరిన తెలుగువాళ్ల వెంట నాటకాల పిచ్చి కూడా వెళ్లింది. సాక్చీ గ్రామం దగ్గర టాటాల కర్మాగారంలో 1912లో తొలి ఉక్కు దిమ్మ తయారైంది; 1919లో సాక్చీ జంషెడ్‌పూర్‌గా, కాలీమాటి స్టేషన్ టాటానగర్‌గా పేరు మార్చుకున్నాయి. బిష్టుపూర్‌లో తెలుగువాళ్ల రామమందిరం వెలిసింది, కదమాలో నాటకాలకూ సాహిత్యానికీ కలిపి ఏడీఎల్ సొసైటీ పుట్టింది. ఊరికి తూర్పు కొసన, టెల్కో కర్మాగారం పక్కనున్న గోవింద్‌పూర్ కూడా కర్మాగారాల నీడలో పెరిగిన బస్తీయే. అక్కడి నుంచి ఖర్కాయి నది ఒడ్డునున్న సెరైకెలాకు యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. పని చేసుకుందామని వచ్చిన తెలుగువాడికి ఇంత దగ్గర్లో, ముఖం గురించి పూర్తిగా తలకిందుల ఆలోచన ఒకటి ఎదురయింది.

సెరైకెలా ఛౌ నృత్యంలో ముఖానికి రంగు వెయ్యరు. ముఖాన్నే కప్పేస్తారు.

ముందు నది మట్టితో ముఖం అచ్చు మలుస్తారు. దాని మీద జిగురుతో పల్చటి గుడ్డ, కాగితం పొరలు పొరలుగా అంటిస్తారు. పైన సన్నటి మట్టి పూత పూసి, కనురెప్పల వంపు, పెదవి కొస చిన్న పనిముట్టుతో తీర్చి ఎండబెడతారు. ఎండాక లోపలి మట్టిని విడదీస్తే గట్టి డిప్ప ఒకటి చేతికొస్తుంది. కళ్లకు సన్నటి చీలికలు, ముక్కుకు చిన్న రంధ్రాలు. ఆ తర్వాతే రంగు: లేత గులాబీ, లేత నీలం, లేత పసుపు, మధ్యలో గీతలు, ముడతలు ఉండవు. పురూలియా ఛౌ ముసుగుల్లో ఉండే ఈకలు, తళుకులు, ఉగ్రమైన గుడ్లు ఇక్కడ లేవు. మయూర్‌భంజ్ ఛౌ వాళ్లయితే ముసుగే పెట్టుకోరు. సెరైకెలా ముసుగుకు ఈ నెమ్మది రూపాన్నిచ్చిన పనివాళ్లలో ప్రసన్నకుమార్ మహాపాత్ర పేరు ముందు చెబుతారు.

కదలని ముఖంతో ఏం నటిస్తారన్న అనుమానం కూచిపూడి చూసిన కంటికి సహజం. జవాబు మెడలో ఉంది. తల కాస్త వంచితే ముసుగు మీద వెలుగు పడే కోణం మారుతుంది. నవ్వుతున్న పెదవే దిగులుగా కనిపిస్తుంది. చుక్కాని పట్టిన నావికుడైనా, నెమలైనా, హంసైనా భావమంతా భుజాల్లోంచి, పిక్కల్లోంచి పలకాలి. ముసుగులో ఊపిరాడదు కనుక నృత్యాలు పది నిమిషాలకు మించకుండా ముగుస్తాయి. వీటిని ఆడినవాళ్లలో, కూర్చినవాళ్లలో సెరైకెలా రాజకుటుంబీకులూ ఉన్నారు. మహారాజు ఆదిత్యప్రతాప్ సింగ్‌దేవ్ ఆదరణలో ఆయన తమ్ముడు విజయప్రతాప్ నృత్యాలు కూర్చారు. 1938లో బృందం ఐరోపా వెళ్లి ఆడివచ్చింది. 1948లో సంస్థానం పోయింది గానీ ఛౌ ఆడే చైత్రపర్వం పోలేదు. 2010లో యునెస్కో మూడు ఛౌలనూ కలిపి మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

తెలుగువాడు మాత్రం ముఖాన్ని కదిలించే దారినే నడిచి సినిమాలోకి వెళ్లాడు. అక్కడ దీపంతోపాటు మరో యజమాని ఎదురయ్యాడు: ఫిల్ము. మూకీల కాలపు ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు. ఎర్రటి పెదవి తెర మీద నల్లటి గాటులా పడేది. తర్వాత వచ్చిన పాంక్రొమాటిక్ ఫిల్ము అన్ని రంగులనూ గుర్తుపట్టింది గానీ, స్టూడియోల దీపాల వేడికి గ్రీజ్ పెయింట్ నూనె కక్కి మెరిసేది. పోలండ్‌లో పుట్టి హాలీవుడ్‌లో స్థిరపడ్డ మాక్స్ ఫాక్టర్ కంపెనీ 1930ల చివర, టెక్నికలర్ చిత్రాల కోసం పాన్‌కేక్ తయారుచేసింది. తడి స్పాంజితో బిళ్ల మీద రుద్ది ముఖానికి అద్దితే మెరుపు లేని పొర వస్తుంది.

ఆ పాన్‌కేక్ మద్రాసు జెమినీ స్టూడియోలో ఎంతగా ఖర్చయ్యేదో సికింద్రాబాద్‌లో పుట్టిన తమిళ రచయిత అశోకమిత్రన్ తన జ్ఞాపకాల్లో సరదాగా రాశారు. అక్కడి మేకప్ విభాగంలో బెంగాలీ, మరాఠీ, కన్నడిగుల పక్కన ఒక ఆంధ్రుడూ ఉన్నాడు. హీరో హీరోయిన్లకు పెద్ద మేకప్‌మాన్, రెండో జంటకు ఆయన కింది సహాయకుడు, హాస్యనటుడికి ఆ తర్వాతివాడు. గుంపు సన్నివేశాలకు మాత్రం ఆఫీసు బాయ్: పెద్ద పాత్రలో రంగు కలిపి, వరసగా నిలబడ్డవాళ్ల ముఖాలకు గోడకు సున్నం కొట్టినట్టు కొట్టి పంపేవాడు.

పెద్ద మేకప్‌మాన్ విద్య ఎంతటిదో ‘మాయాబజార్’ చెబుతుంది. అంతకుముందు ‘సొంతవూరు’లో కాసేపు కృష్ణుడిగా కనిపించిన ఎన్టీఆర్‌ను జనం మెచ్చలేదు. మళ్లీ ఆ వేషమంటే ఆయన వెనకాడారు. దర్శకుడు కె.వి.రెడ్డి పట్టుబట్టి ఒప్పించి, ఆహార్యం మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టించారు. ఎం.పీతాంబరం, టి.పి.భక్తవత్సలం రంగు వేశారు. మార్కస్ బార్‌ట్లే వెలుగు వేశారు. నలుపు తెలుపు తెర మీద నీలమేఘశ్యాముడి నీలం బూడిద ఛాయల్లో ఒకటి మాత్రమే. అందుకని శ్యామవర్ణం కన్నా కళ్ల చివర గీత, కనుబొమ వంపు, పెదవి మీది కొంటెతనం పని చేశాయి. 1957 మార్చి 27న విడుదలయ్యాక తెలుగువాళ్లకు కృష్ణుడి ముఖం స్థిరపడిపోయింది. పీతాంబరం తర్వాత నిర్మాత కూడా అయ్యారు. ‘చంద్రముఖి’ తీసిన పి.వాసు ఆయన కొడుకే.

1963లో ‘లవకుశ’ తొలి పూర్తి నిడివి తెలుగు రంగుల చిత్రంగా వచ్చింది. ఇక బూడిద ఛాయ చాటున దాక్కునే వీలు లేదు. రాముడి ఒంటి మీది ఛాయ ముఖం నుంచి చేతివేళ్ల దాకా, ఒక షాటు నుంచి మరో షాటు దాకా ఒకేలా నిలవాలి. 2010లో ‘మాయాబజార్’కు రంగులద్దినప్పుడు మేకప్‌మాన్ చేసిన పనిని కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు మళ్లీ చేయాల్సి వచ్చింది: ఆ బూడిదలో ఏ నీలం ఉందో నిర్ణయించడం.

డిజిటల్ కెమెరా వచ్చాక లెక్క మళ్లీ మారింది. చర్మరంధ్రాలు కూడా కనిపించే చిత్రంలో పాన్‌కేక్ మందపు పొర పెచ్చులా కనబడుతుంది. అందుకే గాలితో చిమ్మే పల్చటి రంగులు, సిలికాన్ ముక్కలు, బట్టతల తొడుగులు వచ్చాయి. కానీ మేకప్ గదిలో అన్నిటికన్నా ఆలస్యంగా మారింది కుంచె పట్టిన చెయ్యి. ముంబయి చిత్రపరిశ్రమలో మేకప్ ఆర్టిస్టు కార్డు మగవాళ్లకే ఇచ్చేవారు. ఆడవాళ్లు జుట్టు దువ్వొచ్చు, ముఖం దిద్దకూడదు. శిక్షణ పొందిన చారు ఖురానా ఈ నిబంధన మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2014 నవంబర్ 10న న్యాయమూర్తులు దీపక్ మిశ్రా, యు.యు.లలిత్ ధర్మాసనం ఆ నిబంధనను కొట్టేసింది. మగవాళ్లు సత్యభామలుగా, రోషనారలుగా మెప్పు పొందిన దేశంలో, ఆడవాళ్లకు మరొకరి ముఖానికి రంగు వేసే హక్కు అర్ధశతాబ్దం పైబడిన అడ్డంకి దాటి అప్పుడు వచ్చింది.