తురుష్క గృహములు : కొయ్య చట్రము, మట్టి గోడ

ఇస్తాంబూలు పేరు విన్నంతనే మసీదుల గుమ్మటములు మనస్సున మెదలును. దేవునికి రాతికట్టడము కట్టిన ఆ జనులు తమ నివాసములను మాత్రము చాలవఱకు కొయ్యతోను మట్టితోను కట్టుకొనిరి. అట్టి ఇండ్లు నల్లసముద్రమునకు దక్షిణముననున్న సఫ్రన్‌బోలు పట్టణమున నేటికిని వందలకొలది నిలిచియున్నవి. కుంకుమపువ్వు సాగువలన పేరువడసిన ఆ యూరు 1994లో యునెస్కో వారసత్వ పట్టికకెక్కినది.

ఇంటి క్రిందిభాగము రాతిది. అందు సామానుకొట్లు, పశువులశాల. వీథి యెట్లు వంకర తిరిగిన ఆ గోడయు నట్లే తిరుగును. పై అంతస్తు దూలములమీద వీథిలోనికి చొచ్చుకొనివచ్చి, గదులకు సరియైన చదరమును సంపాదించుకొనును. మేడనడుమ నుండునది సోఫా. మనకు సోఫా యనగా మెత్తని ఆసనము. వారికది గదులన్నియు తెరచుకొను చావడి. ఒక్కొక్క గదియు ఒక దంపతులకు చాలిన సంసారము: కిటికీలవెంట తిన్నె, ఒకవైపు పొయ్యి, గోడలో అలమర. పగలు పరుపులు అలమరలోనికి చేరును. అందే ఒక అరలో స్నానపు తావు! కొన్ని ఇండ్లలో స్త్రీల భాగమునుండి పురుషుల భాగమునకు వంటకము లందించుటకు గోడలో తిరుగుడు బీరువా యుండెడిది. ఇచ్చు చేయి గాని పుచ్చుకొను ముఖము గాని కనబడదు.

గోడకట్టు విధానమునకు హిమిష్ అని పేరు. నిలువు కంబములు, అడ్డదూలములు, ఏటవాలు ఊతకొయ్యలతో చట్రము బిగించి, సందులను పచ్చి ఇటుకలతోనో రాళ్లతోనో పూడ్చి, గడ్డి కలిపిన మట్టి మెత్తి, పైన సున్నము పూయుదురు. పూడ్పునకు మాఱుగా సన్నని బద్దలు కొట్టి గార పూసిన దానిని బాగ్దాదీ యందురు.

కొయ్యకు శత్రువు అగ్ని. 1660లో ఇస్తాంబూలు చాలభాగము దగ్ధమయ్యెను. 1918లో ఫాతిహ్ పేటలో వేలాది గృహములు కాలిపోయినవి. పందొమ్మిదవ శతాబ్దిలోనే ప్రభుత్వము రాతి, ఇటుక కట్టడములను ప్రోత్సహింప నారంభించెను. అగ్నిభయము తగ్గినది గాని, ఆ నేల కంపించు నేల. 1999 ఆగస్టు 17 నాటి భూకంపమున ప్రభుత్వ లెక్కప్రకారమే 17,000 మందికి పైగా మరణించిరి. నాసిగా కట్టిన కాంక్రీటు మేడలు కూలినచోటనే, వాని ప్రక్కనున్న పాత హిమిష్ ఇండ్లు పెక్కు నిలిచినవి. పూడ్పు పగిలి, ఒరసికొని, అదటును హరించినది. చట్రము వంగినది గాని విఱుగలేదు. కొయ్య పుచ్చిన ఇండ్లు మాత్రము నేలకూలినవి. దోషము కాంక్రీటునకంటె కట్టినవారి చేతిలోనిదే యనవలెను. అయినను పాత వడ్రంగుల తెలివిని తక్కువగా నెంచరాదు.

ఆ తెలివిని మొదట క్రమముగా పరిశీలించినవారిలో వాస్తుశిల్పి సెదాద్ హక్కి ఎల్దెమ్ ముఖ్యుడు. 1930లలో ఆయన లలితకళల అకాడమీలో విద్యార్థులచేత పాత ఇండ్లను కొలిపించి పటములు గీయించెను. 1948లో అకాడమీకి నిప్పంటుకొని ఆ పటములలో అధికభాగము బూడిదయైనది. ఆయన పట్టు విడువలేదు. సోఫా ఉన్న తీరునుబట్టి ఇండ్లను వర్గీకరించిన ఆయన గ్రంథము 1954లో వెలువడినది.